మా మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ

2018 శ్రావణంలో ఖమ్మంలో సొంతింట్లోకి వచ్చాం. టైల్స్ రంగు కోసం నాలుగు దుకాణాలు తిరిగిన మేము కరెంటు బోర్డును మాత్రం వైరింగ్ చేసినాయనకే వదిలేశాం. "ఎంసీబీలు ఉన్నాయి కదా సార్, ఇంకేం భయం?" అన్నాడాయన. ఎంసీబీ అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు. జీవితమంతా కరెంటు పనిలోనే గడిపిన మా మేనమామ మాత్రం ఒప్పుకోలేదు. ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు, పెట్టేదాకా ఆ ఇంట్లో పాలు పొంగించవద్దని పట్టుబట్టారు. 40 ఆంపియర్ల దాకా మోసేది, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పడేది, రెండు పోల్‌లది (కరెంటు వెళ్లే తీగనూ తిరిగి వచ్చే తీగనూ ఆపేది). అప్పట్లో రెండు వేల పైచిలుకు అయింది.

ఎంసీబీ కాపాడేది తీగను. లోడు ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా పడిపోతుంది. మనిషికి షాక్ కొడితే దానికి తెలియదు, ఎందుకంటే ఒంట్లోంచి పోయే కరెంటు దాని లెక్కలోకే రాదు. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే: ఫేజులో వెళ్లినంత కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా, లేదా? 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో మూడో వంతు లోపే రెండు తీగలనూ తెంచేస్తుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునే కరెంటు కంటే ఆ తేడా తక్కువే.

మొదటి ఏడాది దాన్ని తిట్టని రోజు లేదు. వాన పడితే చాలు, పడిపోయేది. మిక్సీ వేస్తే పడేది, మోటారు వేస్తే పడేది. వచ్చిన ఇద్దరు ఎలక్ట్రీషియన్లూ ఒకటే మాట: "వస్తువే పాడైంది, తీసేసి డైరెక్ట్ ఇచ్చేద్దాం." రెండో ఆయన స్క్రూడ్రైవర్ కూడా తీశాడు. అమ్మ అడ్డుపడి, "మీ మామయ్య వచ్చి చూసేదాకా ముట్టుకోవద్దు" అంది.

మామయ్య వచ్చి మెయిన్ ఆపారు. న్యూట్రల్ లింకు (న్యూట్రల్ తీగలన్నీ కలిసే పట్టీ) మీది తీగలను ఒక్కొక్కటిగా విప్పుతూ, విప్పిన ప్రతిసారీ మెయిన్ వేసి మిక్సీ తిప్పమన్నారు. అయిదో తీగ విప్పాక మిక్సీ ఆగకుండా తిరిగింది. అది గేటు దీపం తీగ. ఆ దీపం ఎంసీబీని అంతకుముందే ఆపి చూశాం కదా అన్నాను. ఆ చిన్న ఎంసీబీ ఫేజును మాత్రమే ఆపుతుందని, న్యూట్రల్ ఎక్కడైనా భూమిని తాకుతుంటే ఇంట్లో ఏది వేసినా కొంత కరెంటు ఆ దారిన పోతుందని ఆయన చెప్పారు. అందుకే మిక్సీ మీద, మోటారు మీద నింద పడింది.

దీపం విప్పాం. గాజు బుడ్డి అడుగున వేలెడు నీళ్లు, వాటిలో చచ్చిన చీమలు. హోల్డర్ కింద నల్ల తీగ (న్యూట్రల్) తొడుగు ఊడి, ఇనుప స్తంభానికి ఆనుకుని ఉంది. పక్కనున్న ఎర్ర తీగ తొడుగు కూడా మెత్తబడి, గోటితో గీరితే వస్తోంది. ఇంకొక వానాకాలం గడిస్తే ఆ ఫేజు కూడా స్తంభానికి తగిలేది. పిల్లలు రోజూ ఊగేది ఆ గేటు పట్టుకునే. ఆనాటి నుంచి ఆర్‌సీసీబీ పడినప్పుడల్లా నాకు కోపం రాలేదు, ఎక్కడ లీకవుతోందో వెతకాలనే ఆలోచనే వచ్చింది.

2021 మేలో దాని విలువ అమ్మకు తెలిసింది. తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడి, తిరుగుతున్న కూలర్‌లో నీళ్లు పోస్తోంది. కూలర్ ప్లగ్గుకు ఎర్త్ పిన్ను ఎప్పుడో విరిగిపోయింది, మేం పట్టించుకోలేదు. లోపల పంపు తీగ చిట్లి రేకుకు కరెంటు వచ్చింది. వేళ్లు చురుక్కుమన్నాయి, అంతలోనే ఫ్యాన్ ఆగింది. "ఒరేయ్, కరెంటు పోయినట్టుంది" అని పిలిచింది. వీధిలో అందరికీ కరెంటు ఉంది. బోర్డు దగ్గరికి వెళ్లి కిందికి పడి ఉన్న ఆ మీటను చూసినప్పుడు నా చేతులు వణికాయి. కూలర్ ఎంసీబీ మాత్రం వేసినట్టే ఉంది.

లోపాలూ చెప్పాలి. ఒకే ఆర్‌సీసీబీ మీద ఇల్లంతా పెడితే, ఎక్కడ చిన్న లీకేజీ వచ్చినా ఇల్లంతా చీకటే. నాలుగు రోజులు తిరుపతి వెళ్లి వచ్చేసరికి ఫ్రిజ్‌లోని పాలు, కూరలు కుళ్లి వాసన కొట్టాయి. తర్వాత ఫ్రిజ్‌కు విడిగా ఆర్‌సీబీవో (ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండూ ఒకదాంట్లోనే ఉండేది) పెట్టించాం. ఇన్వర్టర్ బిగించినప్పుడు దాని న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీకి ముందున్న న్యూట్రల్‌తో కలిపేశారు. అది సరిచేసేదాకా మళ్లీ అదే గొడవ. ఇంకొకటి, ఫేజునూ న్యూట్రల్‌నూ రెండు చేతులతో పట్టుకున్నవారిని ఇది కాపాడలేదు, తేడా కనిపించదు కాబట్టి. ఓవర్‌లోడుకూ ఇది పడదు, ఎంసీబీలు ఉండాల్సిందే.

నెలకోసారి టి అని రాసి ఉన్న బటన్ నొక్కాలి. కొన్ని నెలలు మరిచిపోయి, 2024లో ఒక రోజు నొక్కితే మీట కదల్లేదు. మూడోసారికి పడింది. అటువంటిదాన్ని నమ్మి ఒక్క రాత్రి కూడా పడుకోలేననిపించి సాయంత్రానికే కొత్తది వేయించాను. ఈసారి 'A' టైపుది తీసుకున్నాను, అంటే ఎలక్ట్రానిక్ వస్తువుల లీకేజీని కూడా పసిగట్టేది. ఇన్వర్టర్ ఏసీ, వాషింగ్ మెషీన్ ఉన్న ఇంటికి 'AC' టైపు కంటే అదే మేలు. 'AC' టైపు అంటే ఎయిర్ కండిషనర్ల కోసం అనుకుని కొనేవారున్నారు, ఆ పేరుకూ ఎయిర్ కండిషనర్‌కూ సంబంధం లేదు. పెట్టె మీద 30 మిల్లీ ఆంపియర్లు అని ఉందో లేదో చూడండి. దుకాణంలో 100, 300 కూడా ఇస్తారు. అవి అగ్నిప్రమాదాల నుంచి రక్షణకు, మనిషికి సరిపోవు. త్రీ ఫేజ్ ఇంటికి నాలుగు పోల్‌లది కావాలి.

ఆ బటన్‌తో మీట పడింది కాబట్టి ఎర్తింగ్ కూడా బాగుందనుకోవద్దు. ఆ పరీక్షకు ఎర్త్ తీగతో పనే లేదు. ఎర్త్ గుంటను విడిగా మీటరుతో చూపించుకోవాలి. మా గుంటలో ఏప్రిల్, మే నెలల్లో వారానికి రెండు బకెట్లు నీళ్లు పోస్తాం. ఆ పని అమ్మ ఎవరికీ వదలదు.