ఆయిల్ ఎక్కడ కారుతోందో పట్టిచ్చే యూవీ డై కిట్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఇంజిన్ ఆయిల్ లీకేజీలో అసలు కష్టమంతా అది ఎక్కడ మొదలైందో తేల్చడంలోనే ఉంది. ప్యాకింగ్ మార్చడం, బోల్టు బిగించడం ఆ తర్వాతి సంగతి. కింద చుక్క పడే చోటుకీ, పైన ఆయిల్ బయటికొచ్చే చోటుకీ చాలాసార్లు పొంతనే ఉండదు. ఆయిల్ ఎలాగూ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి కూడా తోస్తుంది. అలా ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైభాగాన్ని మూసే మూత) దగ్గర మొదలైన తడి ఇంజిన్ వెనక వైపు నుంచి దిగి, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య అతుకు దగ్గర చుక్కగా వేలాడుతుంది. కింద నుంచి చూసినవాళ్లు క్రాంక్ (ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు) వెనక ఆయిల్ సీల్ పోయిందంటారు. ఆ సీల్ చిన్న వస్తువే, కానీ మార్చాలంటే మామూలుగా గేర్‌బాక్స్ దించాలి.

నా పాత పెట్రోల్ కారుకీ సరిగ్గా ఇదే మాట చెప్పారు. అంత పెద్ద పనికి ఒప్పుకునే ముందు నా కళ్లతో నేను చూసుకోవాలనిపించి ఈ కిట్ కొన్నాను. అప్పటి నుంచి నా బండికే కాదు, ఇంట్లోవాళ్ల, స్నేహితుల బండ్లకి కూడా వాడుతూనే ఉన్నాను.

కిట్‌లో ఉండేవి మూడే: డై (ఆయిల్‌లో కలిపే మెరిసే రంగు) సీసా, యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్, పసుపు కళ్లద్దాలు. డైని ఆయిల్ పోసే మూత దగ్గర నుంచి ఇంజిన్‌లో పోస్తాం. అది ఆయిల్‌లో కలిసి అంతటా తిరుగుతుంది, కారే చోట ఆయిల్‌తో పాటే బయటికొస్తుంది. దాని మీద టార్చ్ వేస్తే ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో మెరుస్తుంది. నాలుగైదు లీటర్ల ఆయిల్‌కి 30 మిల్లీలీటర్ల దాకా చాలు, అయినా సీసా మీద రాసిన కొలతే పాటించండి. ఆయిల్ డై వేరు, కూలెంట్ డై వేరు. ఒకటి నూనెలో కలిసేది, ఇంకోటి నీళ్లలో కలిసేది. కొనేటప్పుడు ఇది చూసుకోవాలి.

నా అనుభవంలో కిట్ పనితనం డై కంటే టార్చ్ మీదే ఎక్కువ ఆధారపడి ఉంది. చౌక టార్చ్‌ల వెలుగు తరంగదైర్ఘ్యం ఎక్కువగా 395 నానోమీటర్లు. అవి ఊదా రంగు వెలుగు కూడా బాగా విరజిమ్ముతాయి, దాంతో ఇంజిన్ అంతా ఊదాగా కనబడి సన్నటి తడి అందులో కలిసిపోతుంది. 365 నానోమీటర్ల టార్చ్ వేస్తే కంటికి కనిపించే వెలుగు బాగా తక్కువ, మెరిసేది మాత్రమే మెరుస్తుంది. నా కిట్‌తో వచ్చింది 395, కొన్నాళ్లు వాడాక విడిగా 365 కొన్నాను. రెంటికీ తేడా మొదటి చూపులోనే తెలిసింది. కళ్లద్దాలు పక్కన పడేయకండి. అవి ఊదా వెలుగుని ఆపి పసుపుని రానిస్తాయి కాబట్టి గీత స్పష్టంగా కనబడుతుంది. ఎవరి కళ్లలోకీ టార్చ్ కొట్టకూడదు. చూసేది చీకట్లో అయితేనే ఫలితం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన పని, కిట్ పెట్టెలో దొరకనిది, ఇంజిన్ శుభ్రం చేయడం. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు మీద డై ఏం చెప్పలేదు, అంతా తడిగానే ఉంటుంది కదా. ఇంజిన్ చల్లారాక ఆల్టర్నేటర్‌కి, కరెంటు కనెక్టర్లకి, గాలి లోపలికెళ్లే గొట్టానికి ప్లాస్టిక్ కవర్లు చుట్టి, డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) కొట్టి, బ్రష్‌తో మూలమూలలా రుద్ది, ఎక్కువ ప్రెజర్ లేని నీళ్లతో కడుగుతాను. నీళ్లు పెట్టలేని చోట బ్రేక్ క్లీనర్, గుడ్డ. పూర్తిగా ఆరాకే డై పోస్తాను, అదీ గరాటుతోనే. మూత దగ్గర ఒక్క చుక్క ఒలికినా తర్వాత అదే మెరిసి, లీకేజీ అక్కడే ఉందనిపిస్తుంది. ఒలికితే బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, టార్చ్ వేసి మెరుపు లేదని చూసుకున్నాకే స్టార్ట్ చేయాలి.

నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచితే కొన్ని లీకేజీలు బయటపడవు. బండి బాగా వేడెక్కేలా నడపాలి. ఆ తర్వాత ఇంజిన్ ఆపి, పై నుంచి కిందికి వెతకాలి. నియమం ఒక్కటే: అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న తడి ఏది? దాని కిందవీ వెనకవీ చాలావరకు దాని నుంచి జారినవే అయ్యుంటాయి.

నా కారులో చూసింది చెబుతాను. గేర్‌బాక్స్ అతుకు దగ్గర మెరుపు ఉంది, అనుకున్నదే. టార్చ్ మెల్లగా పైకి జరుపుతూ పోతే ఇంజిన్ వెనక వైపు సన్నటి పసుపు గీత ఒకటి దారంలా పైకి పాకింది. అది ట్యాపెట్ కవర్ వెనక మూల దగ్గర ఆగిపోయింది. ఆ పైన అంతా పొడిగా, నల్లగా ఉంది. ఆ మూలలో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే ఇరుసు) కోసం అర్ధచంద్రాకారపు మలుపు ఉంటుంది, ప్యాకింగ్ అక్కడ వంపు తిరుగుతుంది. కవర్ విప్పితే రబ్బరు ప్యాకింగ్ మెత్తదనం పూర్తిగా పోయి, వేళ్లతో వంచగానే పుటుక్కున విరిగింది. కొత్త ప్యాకింగ్ వేసి, మలుపు మూలల్లో కొద్దిగా సీలెంట్ పెట్టి, కంపెనీ చెప్పిన టార్క్‌కే (బిగింపు కొలతకే) బోల్టులు బిగించాను. ఈ బోల్టులు మరీ గట్టిగా బిగిస్తే కవర్ వంగి మళ్లీ కారుతుంది. గేర్‌బాక్స్ దించాల్సిన పని రాలేదు.

ఆ తర్వాత వేరే బండ్లలో దొరికినవి కూడా ఎక్కువగా చిన్నచిన్నవే. డ్రెయిన్ బోల్టుకి పాత వాషర్ మళ్లీ వేయడం. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండగా దాని మీదే కొత్తది బిగించడం. ఈ రెండోది ప్రమాదకరం, ఎప్పుడైనా ఒక్కసారిగా ఆయిలంతా బయటికి తోసేయగలదు. ఆయిల్ ప్రెజర్ స్విచ్ మరీ మాయదారిది. బయట పొడిగానే ఉంటుంది, ప్లగ్ పీకి చూస్తే కనెక్టర్ లోపల ఆయిల్ నిండి ఉంటుంది. అందుకే ఇప్పుడు ఆ ప్లగ్ పీకి చూడకుండా ఏ బండినీ వదలను. స్పార్క్ ప్లగ్ గుంతల్లోకి దిగే ఆయిల్ కూడా అంతే, కాయిల్ తీస్తే గానీ తెలియదు. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో సరిగ్గా మండక ఇంజిన్ తడబడటం) కూడా ఉంటే ముందు అక్కడే చూడండి.

కిట్‌కి పరిమితులు ఉన్నాయి. చాలా నెమ్మదిగా కారే వాటికి మళ్లీ మళ్లీ చూస్తూ రోజులు ఆగాలి. నల్లబడిన పాత ఆయిల్‌లో డై మసకగా మెరుస్తుంది, వీలైతే ఆయిల్ మార్చినప్పుడే పోసుకోండి. కొన్ని కూలెంట్లు కూడా యూవీ కింద మెరుస్తాయి కాబట్టి వేలితో తాకి జిడ్డో కాదో చూడాలి. రిపేరు చేశాక పాత మెరుపుని కడగకపోతే ఇంకా కారుతోందన్న టెన్షన్ తప్పదు. అసలు ఎక్కడో ఒక్కచోటే అనుమానం ఉన్నప్పుడు నేను డై జోలికే పోను. ఆ చోటు శుభ్రం చేసి కాస్త టాల్కం పౌడర్ చల్లి, కొంతదూరం నడిపి చూస్తాను. తడి తగిలిన చోట పౌడర్ నల్లబడుతుంది. బెల్టులకి దగ్గర్లో మాత్రం వద్దు.

కింద నుంచి చూడాల్సి వస్తే స్టాండ్లు పెట్టాకే దూరండి, ఒక్క జాకీని నమ్మి ఎప్పుడూ వద్దు. పొగగొట్టం మానిఫోల్డ్ మీద ఆయిల్ పడుతూ కాలిన వాసన వస్తుంటే డై పోసి రోజులు చూడటం కూడా వద్దు, నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఇంకో విషయం. డై ఎక్కడ కారుతోందో చూపిస్తుంది, ఎందుకు కారుతోందో చెప్పదు. కొత్త ప్యాకింగ్ వేసినా మళ్లీ కారుతుంటే, లేదా ఒకేసారి రెండు మూడు చోట్ల తడి కనబడితే, పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లని బయటికి వదిలే వాల్వ్) చూడండి. అది మూసుకుపోతే ఇంజిన్ లోపల ప్రెజర్ పెరిగి, మంచి సీళ్ల నుంచి కూడా ఆయిల్‌ని బయటికి తోస్తుంది. చాలా పెట్రోల్ ఇంజిన్లలో ఐడిల్ మీద ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద చిన్న కాగితం ముక్క పెడితే, అది కొద్దిగా లోపలికి లాగబడాలి. కాగితాన్ని గట్టిగా పైకి ఎగరగొడుతుంటే సీళ్ల సంగతి తర్వాత, ముందు ఆ వాల్వ్, దాని గొట్టాలు శుభ్రం చేయించండి లేదా మార్పించండి.