నా పేరు మీద క్యూఆర్ కోడ్: చాన్నాళ్ళు వాడాక నా రివ్యూ

బెంగళూరు మారతహళ్లిలో ఇంట్లోనే బ్లౌజులు కుడతా, ఫాల్, పీకో కూడా చేస్తా. యూపీఐ 2016లోనే వచ్చినా నా చేతికి చాలా లేటుగా వచ్చింది, ఎందుకంటే డబ్బులన్నీ మా ఆయన నంబర్‌కే పడేవి. కస్టమర్ "ఆంటీ, పే చేసేశా" అంటే నేను ఆయనకి ఫోన్ చేసి పడ్డాయా అని అడగాలి, ఆయన డ్యూటీలో ఉండి ఎత్తకపోతే ఆ అమ్మాయి కవర్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడేది. ఆయన మంచోడే, అడిగితే ఇస్తాడు, కానీ చిక్‌పేట పోయి లైనింగ్ గుడ్డ తెచ్చుకోవాలన్నా నేను కుట్టిన డబ్బులు నేనే అడుక్కోవాలా చెప్పండి.

సొంతంగా పెట్టుకుందామంటే తలనొప్పి యాప్‌తో కాదు, సిమ్‌తో. రిజిస్టర్ చేసేటప్పుడు ఫోన్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ దానంతటదే పోతుంది, బ్యాంకులో ఉన్న నంబర్ తాలూకు సిమ్ ఆ ఫోన్‌లోనే ఉంటేనే పనవుతుంది. నా ఖాతా నా పేరు మీదే ఉంది, నంబర్ మాత్రం ఆయనది! మార్పించుకుందామని బ్రాంచికి పోతే కౌంటర్లో ఉన్నతను "సార్ రాలేదా మేడమ్" అంటాడు, ఖాతా నాది సంతకం నాది, మధ్యలో సార్ ఎందుకండీ. తిప్పి తిప్పి మార్చారు. డెబిట్ కార్డు లేకపోతే ఆధార్ ఓటీపీతో యూపీఐ పిన్ పెట్టుకోవచ్చు, కానీ ఆధార్‌లో కూడా మీ ఆయన నంబరే ఉంటే మళ్ళీ అదే కథ, ముందే చూసుకోండి.

ఇంత గోలెందుకు, యూపీఐ సర్కిల్‌లో నిన్ను చేర్చేస్తా అన్నాడు మా ఆయన. 2024లో వచ్చిందది. నేను పే చేస్తే డబ్బు కట్ అయ్యేది ఆయన ఖాతాలో, ప్రతిసారీ ఆయన ఓకే చెప్పక్కర్లేకుండా పెడితే నెలకి 15,000 దాటదు, ఒక్కో పేమెంటు 5,000 మించదు, ఏం కొన్నా ఆయనకి తెలిసిపోతుంది. పెద్దవాళ్ళకి బాగుంటుందేమో గానీ సంపాదించే ఆడమనిషికి అది పాకెట్ మనీ లెక్కే, వద్దన్నా.

ఇప్పుడు డబ్బు నా ఖాతాలోనే పడుతోంది. ఓవర్‌లాక్ మిషన్‌కి లోన్ అడిగినప్పుడు ఆ స్టేట్‌మెంటే పనికొచ్చింది. డబ్బు పడగానే చెప్పే సౌండ్‌బాక్స్ కన్నడలో అరుస్తుంది, నా సంపాదన పక్కింటికి కూడా వినిపిస్తుంది, పైగా నెలనెలా అద్దె, కానీ ఫేక్ స్క్రీన్‌షాట్ల బాధ తప్పింది. 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి చిన్న షాపులకి జీఎస్టీ నోటీసులొచ్చాయని బెంగళూరంతా గోల, క్యాష్ ఓన్లీ బోర్డులు వెలిశాయి, మా ఆయన కూడా క్యూఆర్ తీసేయమన్నాడు. కుట్టుపని లాంటి సర్వీసులకి ఏడాదికి 20 లక్షలు దాటితేనే కదా రిజిస్ట్రేషన్, నేనంత కుడితే ఈ అద్దింట్లో ఎందుకుంటా.

నాకు నచ్చనిది ఒక్కటే, చాలా యాప్‌లలో మామూలుగా వచ్చే యూపీఐ ఐడీలో మన ఫోన్ నంబరే ఉంటుంది. బ్లౌజు తీసుకెళ్ళడానికి వచ్చినవాడు పేమెంట్ చేసి, రాత్రి పదకొండుకి "హాయ్" అని మెసేజ్ పెట్టాడు. ప్రొఫైల్‌లోకి పోయి నంబర్ లేని ఐడీ పెట్టుకోండి, క్యూఆర్ ప్రింట్ ఆ తర్వాతే తీయించండి, పాతది గోడ మీదుంటే చింపేయండి.