గెటిస్‌బర్గ్ వెళ్తే ఫిరంగులే కాదు, రైతుల పరిహారం కాగితాలూ చూడండి

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆడమ్స్ కౌంటీకి, అంటే గెటిస్‌బర్గ్ ఊరున్న చోటికి, వెళ్లేవాళ్లలో ఎక్కువమంది అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలై 1–3 నాటి యుద్ధభూమి చూసి వెనుదిరుగుతారు. ఆ మూడు రోజుల్లో ఊరివాళ్లు ఏం పోగొట్టుకున్నారో నష్టపరిహారం దరఖాస్తుల్లో ఉంది. గుర్రాలు, ఎండుగడ్డి, గోధుమ, కంచె కర్రలు, వాటి ధరలు, కింద సాక్షుల వాంగ్మూలాలు.

వెతికే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: సొత్తు పట్టుకెళ్లింది ఎవరు? యూనియన్ సైన్యం (ఉత్తరాది, కేంద్ర ప్రభుత్వ సైన్యం) వాడుకున్న మేత, గుర్రాలు, కలపకు 1864 జూలై 4 చట్టం కింద కేంద్రానికి దరఖాస్తు పెట్టేవారు. అవి వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. కాన్ఫెడరేట్లు (దేశం నుంచి విడిపోయిన దక్షిణాది సైన్యం) దోచుకున్నదీ, పోరులో ధ్వంసమైనదీ రాష్ట్రం లెక్క. ఆ ఫైళ్లు రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఆడిటర్ జనరల్ రికార్డుల్లో, మైక్రోఫిల్మ్ మీద. చాలామంది ఒకచోటే చూసి ఫైలు లేదనుకుంటారు.

యుద్ధభూమిలోని సెమెటరీ రిడ్జ్ అనే మిట్ట మీద తెల్లటి చిన్న ఇల్లు అబ్రహాం బ్రయన్ అనే నల్లజాతి రైతుది. 1,028 డాలర్లు అడిగితే చేతికొచ్చింది 15, అదీ సైన్యం వాడిన గడ్డికి. పోరులో జరిగిన ధ్వంసం ఆ కేంద్ర చట్టం పరిధిలోకే రాదు. ఆ ఇంటి ముందు కాసేపు నిలబడి తీరాలి. ఆయన పేరు రికార్డుల్లో రెండు మూడు స్పెల్లింగులతో ఉంది, అన్నీ వెతకండి. దరఖాస్తు అంకెలను 1860 వ్యవసాయ గణన పట్టికతో సరిచూస్తే ఎవరు పెంచి రాశారో కొంత తెలుస్తుంది. కంచెలు మాత్రం అందులో ఉండవు.

యుద్ధభూమికి టికెట్ లేదు, మ్యూజియానికి ఉంది. లైసెన్సున్న గైడ్ మీ కారే నడుపుతూ రెండు గంటలు చూపిస్తారు. ఆ డబ్బు వృథా కాదు. బిగ్లర్‌విల్ రోడ్డులోని కౌంటీ హిస్టారికల్ సొసైటీ మ్యూజియం 2023లో తెరిచారు. పౌరుల కథ కావాలంటే నా ఓటు దానికే.

బస గెటిస్‌బర్గ్‌లోనే పెట్టుకుంటే నడిచి తిరగొచ్చు, కానీ జూలై మొదటివారం వద్దు. రికార్డుల పనికైతే హారిస్‌బర్గ్ నయం, ఇండియన్ భోజనమూ అటే దొరుకుతుంది.

ఒక పూట మిగిలితే 30వ నంబరు రోడ్డు మీద పడమరగా సుమారు 25 మైళ్లు, ఫ్రాంక్లిన్ కౌంటీ చాంబర్స్‌బర్గ్. లక్ష డాలర్ల బంగారం ఇవ్వలేదని 1864 జూలై 30న కాన్ఫెడరేట్లు ఊరు తగలబెట్టారు. 1818 నాటి పాత జైలు మిగిలింది. అదే ఇప్పుడు అక్కడి హిస్టారికల్ సొసైటీ.

ఆర్కైవ్స్‌కి ఫొటో గుర్తింపు కార్డు, పెన్సిల్ తీసుకెళ్లండి. పెన్ను, బ్యాగు లోపలికి రానివ్వరు. పనివేళలు ముందురోజే సరిచూసుకోండి.