ఫోన్ హార్స్‌పవర్, డైనో హార్స్‌పవర్: విశాఖ రోడ్ల మీద వాడి చూశాక

ముందు తీర్పు చెప్పేస్తాం, వివరం తర్వాత. ఓబీడీ లాగ్ (బండి డయాగ్నస్టిక్ పోర్టు నుంచి రాసుకున్న రీడింగులు) నుంచి సాఫ్ట్‌వేర్ లెక్కగట్టే హార్స్‌పవర్‌ని "నా బండి ఇంత" అని చెప్పుకోవడానికి వాడితే దానికి విలువ లేదు. మ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని సెట్టింగులు) మార్చకముందు ఎంత, మార్చాక ఎంత అని తేడా చూడటానికి మాత్రం బాగా పనికొస్తుంది. ఒకే రోడ్డు, ఒకే గేర్, ఒకే బరువు పాటిస్తే, డైనో (బండిని డ్రమ్‌ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) చూపించే తేడాకి చాలా దగ్గరగా వస్తుంది. ఇక డైనో కాగితం మీది అంకె కూడా చాలాసార్లు కొలత కాదు, కొలత మీద వేసిన లెక్క. దాని సంగతి కింద ఉంది.

వాడిన సరంజామా: ఆండ్రాయిడ్‌లో టార్క్ ప్రో, ల్యాప్‌టాప్‌లో వర్చువల్ డైనో, మొదట ఓబీడీ పోర్టుకి పెట్టే చవక బ్లూటూత్ అడాప్టర్, తర్వాత ఎస్‌టీఎన్ (డేటా వేగంగా తెచ్చే రకం) చిప్ ఉన్న ఖరీదైన అడాప్టర్. బండ్లు ఎక్కువగా టర్బో పెట్రోల్ మాన్యువల్‌లు, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5 తరహావి. కంపెనీ లెక్కలో 150 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్), 250 న్యూటన్ మీటర్లు. 150 పీఎస్ అంటే దాదాపు 148 హెచ్‌పీ. యాప్‌లో ఏ యూనిట్ పెట్టారో చూడకుండా పోల్చి, రెండు హెచ్‌పీ ఎక్కడ పోయిందని వెతికేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

సాఫ్ట్‌వేర్ మూడు దారుల్లో హార్స్‌పవర్ చెబుతుంది. మూడిటికీ పొంతన ఉండదు. మొదటిది ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) తన టార్క్ మోడల్ నుంచి ఇచ్చే అంకె. స్టాక్ బండిలో పర్వాలేదు. రీమ్యాప్ తర్వాత దాన్ని చూడటం మానేయండి. టార్క్‌ని ఆపే లిమిటర్లు అడ్డుపడకుండా, మ్యాప్ రాసే ట్యూనర్ ఆ టేబుల్స్‌నే మార్చి ఉండొచ్చు. అప్పుడు ఈసీయూ చెప్పేది ట్యూనర్ రాసిన అంకే.

రెండోది గాలి లెక్క. ఎమ్ఏఎఫ్ (గాలి ప్రవాహం కొలిచే) సెన్సర్ సెకనుకి ఇన్ని గ్రాముల గాలి పోతోందని చెబుతుంది. పెట్రోల్ ఇంజన్‌లో ఫుల్ థ్రాటిల్ దగ్గర ఒక్కో గ్రాముకి క్రాంక్ దగ్గర, అంటే చక్రాల దాకా వెళ్ళకముందు ఇంజన్ దగ్గరే, సుమారు 1.25 నుంచి 1.3 హెచ్‌పీ వస్తుంది. సెకనుకి 115 గ్రాములు కనిపిస్తే 144 నుంచి 150 మధ్య అన్నమాట. మోటు లెక్కే అయినా మిగతా అంకెలు అడ్డగోలుగా ఉంటే ఇది పట్టిస్తుంది. ఎమ్ఏఎఫ్ లేని బండ్లతోనే చిక్కు. వాటిలో యాప్ మ్యానిఫోల్డ్ ప్రెజర్, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, ఇంజన్ సైజు, మనం ఇచ్చిన వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ (సిలిండర్ గాలితో ఎంత శాతం నిండుతుందో) కలిపి గాలిని ఊహిస్తుంది. అక్కడ 85 బదులు 95 అని టైప్ చేస్తే పవర్ 12 శాతం పెరుగుతుంది, రూపాయి ఖర్చు లేకుండా. ఇంకొకటి, మామూలు ఓబీడీ మ్యానిఫోల్డ్ ప్రెజర్ రీడింగ్ 255 కిలోపాస్కల్ దగ్గర ఆగిపోతుంది. గట్టి బూస్ట్ (టర్బో నెట్టే అదనపు ప్రెజర్) ఉన్న రీమ్యాప్ డీజిల్‌కి పైన గీత సమతలంగా కనిపిస్తే అది టర్బో లోపమని అనుకోకండి.

మూడోది యాక్సిలరేషన్ లెక్క, వర్చువల్ డైనో చేసేది ఇదే. బండి బరువు, వేగం ఎంత త్వరగా పెరుగుతోంది, గాలి అడ్డు, టైర్ల రాపిడి, ఇవి కలిపి చక్రాల దగ్గరి పవర్ తీస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. మనుషులతో కలిపి 1400 కిలోల బండి, రెండో గేర్‌లో 80 కిలోమీటర్ల వేగం దగ్గర సెకనుకి 3.1 మీటర్లు/సెకను చొప్పున వేగం పెంచుకుంటోంది. బరువుని ముందుకు తోయడానికి 4340 న్యూటన్లు, టైర్ల రాపిడికి ఓ 165, గాలికి ఓ 190. మొత్తాన్ని సెకనుకి 22.2 మీటర్ల వేగంతో గుణిస్తే 104 కిలోవాట్లు, అంటే 140 హెచ్‌పీ. బలంలో తొంభై శాతం పైగా బరువు, యాక్సిలరేషన్‌ల నుంచే వస్తోంది. గాలి గుణకం 0.30 పెట్టాలా 0.32 పెట్టాలా అని గంటలు వాదించుకునే వాళ్ళు ముందు బండిని కాటా ఎక్కించాలి.

బరువు 70 కిలోలు తప్పయితే, అంటే పక్క సీట్లో ల్యాప్‌టాప్ పట్టుకున్న మనిషిని మరిస్తే, దాదాపు 7 హెచ్‌పీ తేడా. బ్రోచర్‌లో ఉన్న బరువు నమ్మొద్దు. వేరియంట్‌కి వేరియంట్‌కి మారుతుంది, స్టెప్నీ, సబ్ ఊఫర్, ట్యాంకులో పెట్రోల్ అన్నీ కలుస్తాయి. ఆటోనగర్ వైపు లారీ కాటాలు బోలెడు. లారీ కాటా 5 లేక 10 కిలోల మెట్లలో చూపిస్తుంది, మన పనికి అది చాలు. ట్యాంక్ ఏ గీత దగ్గర ఉండగా తూచారో రాసి పెట్టుకోండి, లీటరుకి ముప్పావు కిలో.

టైరు తప్పు ఇంకా దొంగది. సాఫ్ట్‌వేర్ ఆర్‌పీఎమ్ నుంచి గేర్ నిష్పత్తి, టైరు సైజు వాడి వేగం తీస్తుంది. పవర్‌లో వేగం ఒకసారి, యాక్సిలరేషన్ ఒకసారి, మొత్తం టైరు వ్యాసార్థం రెండుసార్లు గుణకంలోకి వస్తుంది. వ్యాసార్థం ఒక శాతం తప్పయితే పవర్ రెండు శాతం తప్పు. 205/55 ఆర్16 టైరు కొత్తగా 8 మిల్లీమీటర్ల ట్రెడ్‌తో ఉండి, అరిగి 2 దగ్గరికి వచ్చిందంటే వ్యాసార్థం దాదాపు 2 శాతం తగ్గినట్టు. 140 హెచ్‌పీ మీద 5 పైనే తేడా. మ్యాప్ ముందు లాగ్ పాత టైర్లతో, మ్యాప్ తర్వాత లాగ్ కొత్త టైర్లతో తీసి, రెండిటికీ సైడ్‌వాల్ మీద ఉన్న సైజే ఇచ్చి పోల్చేవాళ్ళకి పాత టైర్ల లాగ్ ఎక్కువ చూపించి, మ్యాప్ లాభం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. సైడ్‌వాల్ సైజు ఇవ్వకుండా జీపీఎస్ వేగాన్ని ఆర్‌పీఎమ్‌తో సరిచూసి అసలు దొర్లే చుట్టుకొలత తీయండి. నిలకడగా ఒకే వేగంలో ఓ అర నిమిషం వెళితే సరిపోతుంది.

రోడ్డు విషయంలో విశాఖలో ఎంపిక తక్కువే. బీచ్ రోడ్డు మర్చిపోండి, జనం, స్పీడ్ బ్రేకర్లు. రుషికొండ దాటి భీమిలి వైపు ఎగుడుదిగుడు. ఆనందపురం నుంచి సబ్బవరం మీదుగా అనకాపల్లి వెళ్ళే ఆరు వరసల రోడ్డు తెల్లవారుజామున పనికొస్తుంది. నాలుగు వరసలూ ఆపైన ఉన్న హైవేల మీద కార్లకి గరిష్ఠ పరిమితి 100 కిలోమీటర్లని దృష్టిలో పెట్టుకోవాలి, బోర్డు మీద తక్కువ ఉంటే అదే లెక్క. అందుకే రెండో గేర్‌లో 2500 ఆర్‌పీఎమ్ నుంచి మొదలుపెట్టి వంద లోపే ఆపేయడం మా పద్ధతి. మూడో గేర్‌లో డేటా శుభ్రంగా ఉంటుంది నిజమే, కానీ రెడ్‌లైన్ (ఇంజన్ గరిష్ఠ ఆర్‌పీఎమ్) చేరేలోపు పరిమితి దాటుతుంది. మూడో గేర్ పుల్ (ఒకే గేర్‌లో ఫుల్ థ్రాటిల్ పరుగు) డైనో మీదే చేసుకోండి.

ఆ రోడ్డు చూడటానికి చదునే గానీ అడుగున వాలు ఉంటుంది. పై లెక్కలోని బండికి ఒక శాతం వాలు, అంటే వంద మీటర్లకి ఒక మీటరు, 4 హెచ్‌పీ మింగుతుంది లేదా ఇస్తుంది. కంటికి ఆనదు, ఫోన్ జీపీఎస్ ఎత్తు రీడింగ్‌కీ అందదు. గాలి సంగతి కూడా ఉంది. మే, జూన్‌లలో నైరుతి నుంచి వీచే గాలి దాదాపు ఈ రోడ్డు వెంటే వస్తుంది. అనకాపల్లి వైపు వెళితే ఎదురుగాలి, ఆనందపురం వైపు తిరిగితే వెనకగాలి. 15 కిలోమీటర్ల ఎదురుగాలికి 80 దగ్గర రెండు హెచ్‌పీ పైన పోతుంది. మందు ఒకటే: రెండు దిక్కులా పుల్ తీసి సగటు చూడండి. ఫ్లైఓవర్ల దగ్గర రెండు వైపుల లెవెల్ ఒకటి కాదు, అక్కడ తీయొద్దు.

రెండో గేర్ వాడటంలో ఒక చిల్లు ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఇంజన్ తన ఫ్లైవీల్‌ని, క్రాంక్‌ని, చక్రాల్ని కూడా తిప్పుకోవాలి. వర్టస్ సైజు బండికి అది రెండో గేర్‌లో సుమారు 10 శాతం అదనపు బరువు మోసినట్టు, మూడో గేర్‌లో 6 దగ్గర. పై లెక్కలో 10 శాతం అంటే 13 హెచ్‌పీ. డైనో వాళ్ళు సాధారణంగా నాలుగో గేర్‌లో తీస్తారు, అక్కడ ఇంజన్ నెమ్మదిగా తిరుగుడు పెంచుకుంటుంది కాబట్టి ఫ్లైవీల్‌కి పోయే వాటా చాలా తక్కువ. రోడ్డు లాగ్‌లో డైనో కంటే తక్కువ చూసి ట్యూనర్‌ని నిలదీసే ముందు ఈ 10 శాతం పెట్టారో లేదో చూసుకోండి. దీనికి వ్యతిరేక దిశలో వీల్ స్పిన్ ఉంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో టార్క్ ఉవ్వెత్తున లేచే 2500–3000 దగ్గర టైరు కొంచెం జారినా ఆర్‌పీఎమ్ ఎగురుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని టార్క్ అనుకుంటుంది. గ్రాఫ్‌లో సూదిమొనలా శిఖరం కనిపిస్తే అది జారుడే. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కకుండా ఓ సెకనులో తొక్కితే తగ్గుతుంది. వర్షాకాలంలో తడి రోడ్డు మీద ఈ పని పెట్టుకోవద్దు.

అడాప్టర్ గురించి. ఓబీడీ వేగం పూర్తి కిలోమీటర్లలోనే వస్తుంది, 63 తర్వాత 64, మధ్యలో ఏమీ ఉండదు. దాని మీద యాక్సిలరేషన్ తీస్తే గీత రంపపు పళ్ళలా వస్తుంది. ఆర్‌పీఎమ్ మాత్రం పావు ఆర్‌పీఎమ్ వరకు కచ్చితంగా వస్తుంది, అందుకే పవర్ లాగ్‌కి ఆర్‌పీఎమ్ ఒక్కటే పెట్టండి. బూస్ట్, టైమింగ్ (స్పార్క్ పడే సమయం), లాంబ్డా (గాలి-పెట్రోల్ నిష్పత్తి) అన్నీ కలిపి ఎనిమిది సెన్సర్లు అడిగితే చవక ఈఎల్ఎమ్ 327 నకలు అడాప్టర్ ఒక్కోదానికి సెకనుకి రెండుసార్లే జవాబిస్తుంది. ఐదు సెకన్ల పుల్‌లో పది చుక్కలు, వాటి మీద గీసే వక్రరేఖ కల్పనే. పైగా టైమ్ ముద్ర పడేది ఫోన్‌కి జవాబు చేరినప్పుడు. బ్లూటూత్ ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఎస్‌టీఎన్ అడాప్టర్‌కి మారాక మాకు కనిపించిన పెద్ద లాభం ఇదే: స్మూతింగ్ (గీతని నున్నగా చేయడం) బాగా తగ్గించినా గీత నిలబడుతుంది. ఒక పుల్ పవర్ కోసం, ఇంకో పుల్ టైమింగ్, నాక్ (ఇంధనం అదుపు తప్పి మండటం) కోసం, వేరువేరుగా తీయండి.

ఇప్పుడు అసలు గొడవ. డైనో కాగితం మీద చిన్న అక్షరాల్లో ఎస్ఏఈ అనో, ఎస్‌టీడీ అనో, డీఐఎన్ అనో, అన్‌కరెక్టెడ్ (ఏ సవరణా లేనిది) అనో రాసి ఉంటుంది. ఆ రోజు వాతావరణాన్ని ఒక ప్రామాణిక వాతావరణానికి మార్చే గుణకం అది. అదే బండికి ఎస్‌టీడీ అంకె ఎస్ఏఈ కంటే 4 శాతం దాకా ఎక్కువ కనిపిస్తుంది. విశాఖలో మే మధ్యాహ్నం 32 డిగ్రీలు, 75 శాతం తేమ, 1003 మిల్లీబార్ల పీడనం అనుకుంటే ఎస్ఏఈ గుణకం 1.04 వస్తుంది. జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీలు, 1014 మిల్లీబార్లు ఉంటే 0.98. మామూలు, టర్బో లేని ఇంజన్ ఈ రెండు రోజుల మధ్య ఏమీ ముట్టుకోకుండానే 6 శాతం మారుతుంది. చలికాలంలో "ఫిల్టర్ మార్చాక లాగుడు పెరిగింది" అనే మాటలో ఫిల్టర్ వాటా ఎంతో ఆలోచించండి. మన ఊళ్ళో తేమ వాటాని తీసిపారేయడానికి లేదు. ఆ మే మధ్యాహ్నం గాలిలో 36 మిల్లీబార్లు ఒట్టి నీటి ఆవిరే, అందులో మండించడానికి ఆక్సిజన్ లేదు.

డైనో కోసం హైదరాబాద్, బెంగళూరు వెళ్ళే వాళ్ళకి ఈ గుణకమే కొంప ముంచుతుంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అక్కడ పీడనం 912 మిల్లీబార్ల దగ్గర. 26 డిగ్రీలు, 60 శాతం తేమకి గుణకం 1.13. హైదరాబాద్‌లో 540 మీటర్ల ఎత్తుకి దాదాపు 1.09. టర్బో లేని బండికి ఇది న్యాయమే, గాలి పలచబడి నిజంగా అంత పవర్ పోతుంది. టర్బో బండిలో ఈసీయూ మ్యానిఫోల్డ్‌లో ఇంత ప్రెజర్ ఉండాలని పట్టుబడుతుంది, బయట గాలి పలచబడితే టర్బోని ఇంకాస్త గట్టిగా తిప్పి ఆ లోటు చాలావరకు పూడుస్తుంది. అలా పోగొట్టుకోని పవర్‌కి కూడా గుణకం 13 శాతం కలుపుతుంది. అసలు 138 వచ్చిన బండి కాగితం మీద 156 అవుతుంది. విశాఖ రోడ్డు మీద అదే బండికి యాప్ 140 చూపిస్తే తప్పు యాప్‌ది కాదు. టర్బో బండికి అన్‌కరెక్టెడ్ అంకె, దాని పక్కన ఆ రోజు ఉష్ణోగ్రత, పీడనం అడిగి రాయించుకోండి. సాఫ్ట్‌వేర్‌లోనూ వాతావరణం నింపేటప్పుడు వెబ్‌సైట్‌లో కనిపించే సముద్ర మట్టపు పీడనం ఇవ్వొద్దు. విశాఖ తీరంలో తేడా పడదు గానీ బెంగళూరులో లాగ్ తీస్తే పది శాతం తప్పు. ఈసీయూ ఇచ్చే బారోమెట్రిక్ రీడింగ్ వాడండి.

క్రాంక్ హార్స్‌పవర్ అని డైనో వాళ్ళు ఇచ్చే అంకెని మేం పట్టించుకోం. కొందరు క్లచ్ తొక్కి డ్రమ్ నెమ్మదించే తీరు చూసి నష్టం లెక్కగడతారు, కొందరు చక్రాల అంకెకి 15 శాతం కలిపేస్తారు. రెండోది చేస్తే లోపల కొలతేమీ లేనట్టే.

డైనోలో తప్పు జరిగే మిగతా చోట్లు: బండిని కట్టే బెల్టులు మరీ బిగిస్తే టైరు డ్రమ్‌లోకి నొక్కుకుని పవర్ తగ్గుతుంది, ముందు, తర్వాత పుల్‌ల మధ్య టైరు గాలి మారకూడదు. ముందున్న ఫ్యాన్ 80 కిలోమీటర్ల గాలిని ఇవ్వలేదు. వర్టస్ లాంటి బండ్లలో ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) నీటితో చల్లబడేది కాబట్టి, వరసగా పుల్ మీద పుల్ తీస్తే ఆ నీళ్ళు వేడెక్కి టైమింగ్ వెనక్కి పోతుంది, మూడో పుల్ మొదటిదానికంటే తగ్గుతుంది. ఇన్‌టేక్ ఉష్ణోగ్రత మొదటి పుల్ ముందున్న చోటికి దిగేదాకా ఆగమనండి, అద్దె గంట లెక్కే అయినా సరే. లోడ్ లేని ఇనర్షియా డైనో (డ్రమ్ బరువునే తిప్పించి కొలిచేది) మీద టర్బో కాస్త ఆలస్యంగా లేస్తుంది, కింది ఆర్‌పీఎమ్‌లో టార్క్ రోడ్డు లాగ్ కంటే తక్కువ కనిపించడం మామూలే.

మేం చివరికి స్థిరపడ్డ పద్ధతి: డైనో మీద ఉన్నప్పుడే ఓబీడీ లాగ్ కూడా నడపడం, వారం లోపు అదే టైర్లు, అదే బరువుతో విశాఖ రోడ్డు మీద రెండు దిక్కులా లాగ్ తీయడం, వర్చువల్ డైనోలో వచ్చిన అంకెని డైనో అన్‌కరెక్టెడ్ అంకెకి కలిపే గుణకం ఒకటి కట్టుకోవడం. ఆ గుణకం ఆ బండికీ ఆ గేర్‌కీ మాత్రమే. తర్వాత మ్యాప్ సవరణలన్నిటికీ మళ్ళీ డైనోకి పోనక్కర్లేదు.

డైనో లాగ్, ఈసీయూ లాగ్ పక్కపక్కన పెట్టినప్పుడు ముందు రెవ్ లిమిటర్ (ఆర్‌పీఎమ్ హద్దు దాటకుండా ఆపేది) ఎక్కడ తగిలిందో చూడండి. కొత్త బండ్లలో ఇగ్నిషన్ కాయిల్‌లు ప్లగ్ మీదే ఉండటం వల్ల, ప్లగ్ వైరుకి తగిలించే ఆర్‌పీఎమ్ క్లిప్ సరిగా పట్టదు, ఆపరేటర్ ఒక ఆర్‌పీఎమ్ దగ్గర నిలిపి డ్రమ్ వేగంతో జత కలుపుతాడు. కాగితం మీద 6300 దగ్గర, ఈసీయూలో 6500 దగ్గర లిమిటర్ కనిపిస్తే ఆ జత మూడు శాతం తప్పింది. హార్స్‌పవర్ అంకె నిజమే, టార్క్ అంకె మాత్రం మూడు శాతం పెరిగి ఉంది, గ్రాఫ్ మొత్తం ఎడమకి జరిగి ఉంది. అక్కడికక్కడే మళ్ళీ కలిపించుకోండి, బండి డ్రమ్ దిగాక ఎవరూ చేయరు.