జర్మన్ 05 క్లాస్ మోడల్: చూపుకు రాజసం, కోనసీమ గాలిలో చాకిరీ

05 క్లాస్ అంటే జర్మనీ రైల్వే వారి వేగమైన ఆవిరి ఇంజన్ల రకం; ఈ క్లాసులో కట్టినవి మూడే ఇంజన్లు. వాటిలో 05 002 1936 మే 11న గంటకు 200.4 కి.మీ. అందుకుంది. 1:87 మోడల్ (అసలు ఇంజన్‌లో 87వ వంతు) దాదాపు 30 సెం.మీ. పొడవు. అసలు పెద్ద చక్రం 2.3 మీటర్లు, ఇందులో 26 మి.మీ.; కొలత తప్పలేదు. ముదురు ఎరుపు రంగు కూడా బాగా కుదిరింది.

తంటా అంతా వంపుల దగ్గరే. ఇంజన్‌ను కప్పే పక్క తొడుగు కిందిదాకా ఉండటంతో 36 సెం.మీ. వ్యాసార్థంలో చక్రాలు దానికి రాసుకుని బండి ఆగుతుంది. 50 సెం.మీ. పైన ఉంటేనే సాఫీగా పోతుంది. అంటే నాలుగడుగుల బల్ల కావాలి.

అమలాపురం, నరసాపురం వైపు వానాకాలపు తేమకు పట్టాలు నల్లబడి కరెంటు సరిగా అందదు, ఇంజన్ కుదుపులతో నడుస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. గరుకు కాగితం వద్దు, గీతల్లో మురికి చేరుతుంది. గేర్లకు సూది మొనతో ఒక్క చుక్క మెషిన్ ఆయిల్ చాలు. చేతికందింది కదా అని కొబ్బరినూనె మాత్రం వేయకండి, చలికాలంలో గడ్డకడుతుంది. చక్రాల రబ్బరు రింగులకు నూనె తగిలితే పట్టు పోయి బండి జారుతుంది.

పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు ఉంచండి. పాత స్పాంజి ఉంటే తీసేయండి, చివికి రంగుకు అంటుకుంటుంది. ధర ఎక్కువే. అలమారులో పెట్టి చూసుకునేవాళ్లకైతే కొనదగ్గదే.