తిరుగు ప్రయాణానికి చుట్టే వాక్యూమ్ బ్యాగులు: చోటు మిగులుతుంది, బరువు తగ్గదు

విదేశానికి చదువుకు వెళ్లేటప్పుడు ఒక పెట్టెలో పట్టిన సామాను, సెమిస్టర్ అయ్యేసరికి రెండు పెట్టెల్లోనూ పట్టదు. అక్కడి చలికి కొన్న కోటు, క్లాసు నోట్సు, స్నేహితులిచ్చిన గుర్తులు అన్నీ మంచం మీద పేర్చి చూశాకే చాలామందికి వాక్యూమ్ బ్యాగులు, అంటే గాలి తీసేసి బట్టల్ని అదిమిపెట్టే ప్లాస్టిక్ సంచులు, గుర్తొస్తాయి. ఇవి రెండు రకాలు. ఒకదానికి పంపు పెట్టి గాలి లాగాలి. రెండోదాన్ని చాపలా చుడితే గాలి అదే బయటికి పోతుంది. బీరువాలో దుప్పట్లు దాచుకోవడానికి పంపుది మేలు. ప్రయాణానికి మాత్రం చుట్టేదే కొనాలి. విమానాశ్రయంలో తనిఖీకి పెట్టె తెరిచి సంచి విప్పమన్నారనుకోండి, పంపు దగ్గర లేకపోతే కోటు బుస్సున పొంగుతుంది, ఇక పెట్టె మూత పడదు. చుట్టే సంచికి రెండు చేతులు, ఒక మోకాలు చాలు.

వాడే పద్ధతి తేలికే గానీ తొందర పనికిరాదు. బట్టలు పూర్తిగా ఆరి ఉండాలి. కొంచెం తడి ఉన్నా లోపల ముక్కిపోయిన వాసన పట్టేస్తుంది. జిప్పులు, హుక్కులు, లోహపు బొత్తాలు ఉన్నవాటిని తిరగేసి మడవండి, సంచికి చిల్లు పడేది ఎక్కువగా వాటివల్లే. మూడింట రెండొంతులు మాత్రమే నింపి, సంచి జిప్పు కింద నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. జిప్పు గాడిలో నూలు పోగు ఒక్కటి ఇరుక్కున్నా గాలి చొరబడుతుంది, కాబట్టి ముందు పొడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాత రెండు వేళ్లతో నొక్కుతూ అటొకసారి ఇటొకసారి మూయాలి. జిప్పు వైపు నుంచి మొదలుపెట్టి, గాలి పోయే అంచు వైపుకు బిగువుగా చుట్టండి. వెనక్కి చుడితే గాలికి దారుండదు, సంచి బెలూన్‌లా నిలబడుతుంది. కొత్తగా కొన్నవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

చుట్టిన సంచిని ఒక రాత్రి వదిలేయండి. పొద్దుటికి ఉబ్బితే లీకు ఉన్నట్టే. బట్టలు తీసేసి, గాలి నింపి మూసి, బకెట్ నీళ్లలో నొక్కితే, గాలి పోయే అంచు నుంచి కాక బుడగలు ఇంకెక్కడినుంచి వస్తున్నాయో తెలుస్తుంది. సన్న చిల్లయితే తుడిచి ఆరబెట్టి పారదర్శక టేపు అంటిస్తే ఆ ప్రయాణానికి సరిపోతుంది. జిప్పు దగ్గరే లీకైతే ఆ సంచిని నమ్ముకోకండి. ఈ పరీక్ష బయల్దేరే ముందురోజు కాకుండా మూడు రోజుల ముందే చేయాలి, లేకపోతే కొత్తది కొనడానికి వ్యవధి ఉండదు.

అట్టపెట్టె మీద ‘80 శాతం చోటు ఆదా’ అని కనిపిస్తే పొంగిపోకండి. ఆ లెక్క దూదిబొంతకు వర్తిస్తుందేమో గానీ జీన్సుకు కాదు. జీన్సులో అసలు గాలే తక్కువ. స్వెటర్లు, ఉన్ని బట్టలు, పరుపులాంటి కోట్లు బాగా తగ్గుతాయి. ఈకలు నింపిన కోటును మాత్రం దారి పొడవునా అదిమే ఉంచి, దిగాక వారాల తరబడి అలాగే వదిలేస్తే వెచ్చదనం పోతుంది. ఇంటికి చేరగానే తీసి దులిపి వేలాడదీయాలి. తోలు వస్తువులు ఇందులో పెట్టకండి. వీడ్కోలు కార్డులు, ఫొటోలు అయితే అసలే వద్దు, ఒత్తిడికి ప్లాస్టిక్‌కి అతుక్కుపోతాయి. వాటిని గట్టి అట్ట నోటుపుస్తకంలో పెట్టి చేతిసంచిలో మోసుకెళ్లండి.

అసలు మోసం బరువు దగ్గర జరుగుతుంది. సంచి గాలిని తీస్తుంది, కిలోలను తీయదు. చాలా ఎయిర్‌లైన్స్ ఎకానమీలో ఒక్కో పెట్టెకు 23 కిలోల దాకా అనుమతిస్తాయి, కచ్చితమైన అంకె మీ టికెట్‌లోనే ఉంటుంది. పెట్టె ఒక్కటే సుమారు 4 కిలోలు తూగితే సామానుకు మిగిలేది 19. సంచులు చుట్టి అదే పెట్టెలో 28 కిలోలు సులువుగా కూరేయవచ్చు, కౌంటర్ దగ్గర మాత్రం అందరి ముందూ విప్పాల్సి వస్తుంది. నోట్సునే తీసుకోండి: 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) ఏ4 కాగితం ఒక్కటి దాదాపు 5 గ్రాములు. 200 కాగితాలంటే ఒక కిలో. స్కాన్ చేసుకుని కాగితాలు వదిలేస్తే ఏ సంచీ మిగల్చలేనంత మిగులుతుంది. దిండు, దుప్పటి, గిన్నెలు తర్వాతి సెమిస్టర్ వాళ్లకు ఇచ్చేయడమే లెక్క.

అందుకే సంచులతోపాటు కొక్కెం ఉన్న చేతి తూకం కూడా తప్పక కొనండి. కొనగానే లీటరు నీళ్ల సీసాలు ఐదు ఒక చేతిసంచిలో వేసి తూచండి, 5 కిలోల పైచిలుకు చూపాలి. పెట్టెను నేల నుంచి నెమ్మదిగా ఎత్తి, ఊగడం ఆగాకే అంకె చదవండి. కిలోలకు బదులు పౌండ్లలో పెట్టి ఉందేమో చూసుకోండి. అర కిలో వెసులుబాటు ఉంచుకోవడం మంచిది. చేతిసంచి బరువు తగ్గించుకుందామని పవర్ బ్యాంకును పెద్ద పెట్టెలో వేయకండి, అది చేతిసంచిలోనే ఉండాలి. అందులో పట్టే విద్యుత్తు 100 వాట్ అవర్ల లోపు ఉంటే మామూలుగా ఇబ్బంది ఉండదు. 20,000 ఎంఏహెచ్‌ది, 3.7 వోల్టుల లెక్కన, 74 వాట్ అవర్లు.

ఎన్ని సంచులు కొనాలంటే, 50×70 సెంటీమీటర్లవి రెండు, 40×60వి రెండు చాలు. పన్నెండు సంచుల ప్యాకెట్ కొన్నారంటే అవి నింపడానికైనా ఏదో ఒకటి సర్దుతారు.