ఉప్పుగాలి ఊళ్లో గ్యాస్ గీజర్: ఏళ్ల తరబడి వాడాక

నిమిషానికి 6 లీటర్లిచ్చే ఈ మామూలు గ్యాస్ గీజర్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది అది వెలిగే పద్ధతి. కరెంటుతో పనిలేదు. కింద డబ్బాలో రెండు లావు బ్యాటరీలు. కుళాయి తిప్పగానే టకటకమని నిప్పురవ్వలు, వెంటనే మంట, కాసేపటికే వేడినీళ్లు. తుపానుకి స్తంభాలు పడిపోయి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని కోనసీమలో ఇది చిన్న సంగతి కాదు.

కానీ మన ఉప్పుగాలికి ముందు దెబ్బతినేదీ ఆ భాగాలే. రాజోలు, అంతర్వేది, నర్సాపురం వైపు బ్యాటరీ డబ్బాలో బ్యాటరీలు ఆనే లోహపు పత్తీలకు చిలుము, స్ప్రింగులకు తుప్పు తొందరగా పడతాయి. కొత్త బ్యాటరీలు వేసినా 3 వోల్టులు పూర్తిగా లోపలికి అందవు. టకటక వినిపిస్తుంది గానీ గ్యాస్ వాల్వు తెరుచుకోదు. పత్తీలను గరుకు కాగితంతో రుద్ది తుడిస్తే చాలు.

అసలు చిక్కు ఇంకొకటి. మంట చక్కగా వెలుగుతుంది, నాలుగైదు సెకన్లలో ఆరిపోతుంది. మళ్లీ తిప్పితే మళ్లీ అదే. చూడ్డానికొచ్చిన మెకానిక్ కవరు కూడా విప్పకుండా "కిట్టు పోయిందండీ, మార్చాలి" అన్నాడు. కిట్టంటే నిప్పురవ్వనీ గ్యాస్ వాల్వునీ నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె. దానికేమీ కాలేదు. నాకు ఇప్పటికీ కోపం అక్కడే.

బర్నరు మీద రెండు కడ్డీలుంటాయి. ఒకటి నిప్పురవ్వ కొట్టేది, రెండోది మంటను కనిపెట్టేది. మంట గుండా అతి కొద్దిపాటి కరెంటు పారుతుంది. రెండో కడ్డీకి అది అందినంతసేపే కిట్టు వాల్వును తెరిచి ఉంచుతుంది. ఆ కడ్డీ మీద మసి, ఉప్పు తెల్లటి పొరలా పేరుకుంటే కరెంటు అందదు. మంట లేదనుకుని గ్యాస్ కట్టేస్తుంది. అంటే అది చేయాల్సిన పనే చేస్తోంది.

రెగ్యులేటర్ కట్టేసి, బ్యాటరీలు తీసి, నీళ్లు ఆపి, నాబ్‌లు లాగి కవరు విప్పండి. మంటను కనిపెట్టే కడ్డీని పట్టి ఉంచేది ఒకటే స్క్రూ. 400 నంబరు ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది పొడిగుడ్డతో తుడవండి. పింగాణీ తొడుగు మీద వెంట్రుకంత చీలిక కనిపించినా కడ్డీ మార్చాల్సిందే. నిప్పురవ్వ కడ్డీ మొనకీ బర్నరుకీ మధ్య ఎడం 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటే బాగా అంటుకుంటుంది. మీ గీజర్ పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే పాటించండి.

కవరు విప్పారు కాబట్టి బర్నరు కింద గాలి పీల్చే నోళ్లు కూడా చూడండి. వానాకాలం వెళ్లేసరికి సాలీళ్లు అక్కడ గూడు కట్టేసి ఉంటాయి. గాలి చాలక మంట పసుపుగా మారి పైన రాగిరేకులకు మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. పెయింటు బ్రష్షుతో దులిపి, సైకిల్ పంపుతో ఊదాలి. గ్యాస్ చిమ్మే ఇత్తడి జెట్టులో పిన్నీసు మాత్రం పెట్టొద్దు, కన్నం పెద్దదైతే మంట ఇక నీలంగా రాదు. బిగించాక జాయింట్లకు సబ్బునురగ పూసి లీకు చూడకుండా వెలిగించకండి. వెలిగేటప్పుడు ఢబ్ మని చప్పుడొస్తే గ్యాస్ పోగయ్యాక అంటుకుంటోందని అర్థం. బ్యాటరీలు నీరసపడ్డాయా, రవ్వ దగ్గరి రంధ్రాలు మూసుకున్నాయా చూడాలి.

కరెంటు అక్కర్లేదన్నానుగానీ, ట్యాంకు ఎత్తులో లేకపోతే ఆ సుఖం లేదు. నీటి ఒత్తిడి లోపలి రబ్బరు పొరను నెట్టితేనే టకటక మొదలయ్యేది. వేసవిలో కట్టేసిన కాలువలకు మళ్లీ నీళ్లు వదిలాక ట్యాంకులోకి ఒండ్రు వస్తే, నీళ్లు లోపలికెళ్లే చోటున్న జల్లెడ పూడిపోతుంది. అసలు చప్పుడే రాకపోతే కిట్టు జోలికి పోకముందు ఆ జల్లెడ కడగండి.

మా గీజర్ వెనక వరండాలో, గాలి ధారాళంగా ఆడే చోట ఉంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా రోజూ తెల్లవారుజామునే నడుస్తుంది. మాకు సరిపోయింది, మళ్లీ కొనాల్సొస్తే ఇదే రకం కొంటాను. మూసిన బాత్రూంలో తప్ప చోటు లేని అపార్టుమెంటు వాళ్లకు మాత్రం ఎంత చవకైనా వద్దనే చెబుతాను. సముద్రానికి దూరంగా, రాజమండ్రి వైపు ఉన్నవాళ్లకు కడ్డీ ఇంత తరచుగా రుద్దాల్సిన పని పడకపోవచ్చు. మన వైపు వాళ్లు కొనే ముందే ఆ కడ్డీ విడిగా దొరుకుతుందో, కిట్టుతో కలిపే అమ్ముతారో షాపులో అడిగి తెలుసుకోండి.